పరుల బడి – మన ఋణము

తెలుగువారు ఏ యూరికి పోయి స్థిరపడినను మొదట విచారించుకొను విషయములు రెండు: మంచి నీరెక్కడ దొరకును, మంచి బడి యెక్కడ నున్నది. నీటి సంగతి ఎట్లో జరిగిపోవును. బడి సంగతి అట్లు జరుగదు. అది బిడ్డ యొక్క పది పన్నెండేండ్ల బాల్యమును ఒకరి చేతిలో పెట్టుట. తమిళనాట, కర్ణాటకమున, ఒడిశాలో, మహారాష్ట్రమున తరతరములుగా కాపురమున్న మన కుటుంబములలో పెక్కింటికి ఆ చేయి కతోలిక సన్న్యాసులదో, సన్న్యాసినులదో అయినది. ఇంట తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియాయో మరాఠీయో, బడిలో ఇంగ్లీషు; ఇంట దేవుని గదిలో వేంకటేశ్వరుని పటము, తరగతి గోడపై సిలువ. ఈ రెంటి నడుమ పుస్తకముల సంచి తగిలించుకొని నడచిన పిల్లలే నేడు మన సంఘములలో తాతలును, అమ్మమ్మలును.

ఈ వ్యాసమున మేము విచారింప దలచిన ప్రశ్న యొక్కటే. ఒక మతమును హృదయపూర్వకముగ నమ్మినవారు, ఆ మతమును నమ్మని బిడ్డను తమ బడిలో చేర్చుకొని విద్య నేర్పినపుడు, ఆ బిడ్డనుండి వారు కోరదగిన దేమి? ఆ బిడ్డ పెరిగి పెద్దయిన పిమ్మట తీర్పవలసిన ఋణ మేమి? మొదటిది దాత ధర్మము. రెండవది గ్రహీత ధర్మము. కాన్వెంటు చదువు మంచిదా చెడ్డదా యను వాదము మా కిక్కడ అక్కరలేదు. ఒక సభలో ఆ బళ్ల క్రమశిక్షణను పొగడుటయు, వేరొక సభలో వాని యుద్దేశములను శంకించుటయు మనకు పరిపాటి యైనవి. పొగడ్తయు, శంకయు ఈ ఋణవిచారమును తప్పించుకొను మార్గములే యని మాకు తోచుచున్నది.

ఈ బళ్లు ఎట్లు వచ్చినవో కొంచెము చెప్పుకొందము. 1548లో సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా పట్టణమున యేసుసభవారు బయటి విద్యార్థులకై ఒక కళాశాలను తెరచిరి. 1599లో ‘రేషియో స్టూడియోరమ్’ అను పేర వారి విద్యాప్రణాళిక స్థిరపడినది. తరగతులను మెట్లుగా విభజించుట, వక్తృత్వమున పోటీలు పెట్టుట, నాటకము లాడించుట మొదలైన పాఠశాలాచారములకు ఆ ప్రణాళిక విశేషవ్యాప్తి నిచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున ట్యూరిన్ నగరములో దిక్కులేని బాలుర నడుమ పనిచేసిన డాన్ బోస్కో (1815–1888), తప్పు చేసిన పిమ్మట దండించుటకంటె తప్పు జరుగకముందే తోడుండి కాపాడుట మేలని నమ్మి, ఆ పద్ధతిని 1877లో వ్రాసిపెట్టెను. వివేకము, మతము, వాత్సల్యము అను మూటిపై ఆ పద్ధతి నిలిచినది. ఆయన సభవారు 1906లో తంజావూరికి వచ్చిరి. అంతకు చాల ముందుగనే, 1846లో, ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన ఫాదరులు విశాఖపట్టణమున దిగిరి. మరుసటి యేడు అక్కడ సెయింట్ అలోషియస్ పాఠశాల వెలసినది.

1854లో సర్ చార్లెస్ వుడ్ పంపిన విద్యాపత్రము, ప్రయివేటు పాఠశాలలకు సర్కారు ధనసహాయము చేయు పద్ధతిని ఏర్పరచెను. ఆ బళ్లలోని మతబోధ జోలికి సర్కారు పోదనియు, లౌకికవిద్యను మాత్రమే పరీక్షించుననియు అందలి నియమము. ఎయిడెడ్ బడి యను మాట మన వాడుకలోనికి వచ్చుటకు మూల మిదియే. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన రాజ్యాంగము రెండు కట్టుబాట్లు చేసినది. అల్పసంఖ్యాకులు తమ కిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు కలవారని 30వ అధికరణము చెప్పుచున్నది. రాజ్యము గుర్తించిన బడిలోగాని, రాజ్యధనము పొందు బడిలోగాని చదువు బిడ్డను, పెద్దల సమ్మతి లేనిదే మతబోధకు గాని ప్రార్థనకు గాని రమ్మని నిర్బంధింపరాదని 28వ అధికరణము చెప్పుచున్నది. ఎయిడెడ్ బడిలో ధనము ప్రజలది, బడి మఠముది, బిడ్డ మనది. ముగ్గురి హక్కులు ఒకే గదిలో కూర్చున్నవి. చట్టము వాని నడుమ గోడ కట్టగలిగినది గాని, మర్యాద నేర్పజాలదు. మర్యాద నేర్పుట ధర్మవిచారము చేయవలసిన పని.

అట్టి బడిలో విద్యార్థి జీవిత మెట్లుండునో చదువరులలో పలువురకు అనుభవైకవేద్యము. గంట మ్రోగును, ఆవరణములో వరుసలు తీరును, గోళ్లు, బూట్లు, జడరిబ్బనులు పరీక్షకు నిలుచును. ప్రార్థన జరుగును. ఫలానా గంటకు కతోలిక బాలబాలికలు సత్యోపదేశమునకై వేరొక గదికి పోదురు. మిగిలినవారు మోరల్ సైన్సు పుస్తకము తెరచి సత్యము పలికిన బాలుని కథయో, పొరుగువానికి సాయపడిన బాలిక కథయో చదువుదురు. పునీతుల పేర్లు పెట్టిన హౌసులు, వాని నడుమ ఆటల పోటీలు, వార్షికోత్సవమున నాటకము, బడికి పాలకుడైన పునీతుని పండుగనాడు సెలవు, మిఠాయి. బోర్డింగు పిల్లలకు సాయంకాలమున మౌనముగ చదువుకొను గంట. పరీక్షలనాడు లూర్దుమాత గుహ యెదుట కొవ్వొత్తి వెలిగించి, పోవుచు దారిలో వినాయకుని గుడి యొద్ద గుంజిళ్లు తీయుట మన పిల్లలకు విరుద్ధముగ తోచలేదు. పరీక్ష గట్టెక్కించు విషయమున పిల్లలకు మతభేదము లేదు.

ఆ బెంచీలపై మరియొక విశేషము కలదు. బోర్డింగులో ఉచితముగ అన్నము తిను పేద కతోలిక బాలుడును, కారులో దిగు వ్యాపారి కుమారుడును, ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకే లెక్కను చేసిరి. సాయంకాలము గంట కొట్టగనే ఇరువురును రెండు లోకములకు పోయిరి. ఒకడు మాతృభాషను ఇంట విడిచి వచ్చినవాడు. వేరొకడు ఇంటినే విడిచి వచ్చినవాడు. ప్రక్కవా డెవడో తెలిసికొనకయే పదేండ్లు గడపిన వారును ఉందురు. ఈ విషయమును మరల ఎత్తుకొందుము. ఋణవిచారమునకు కీలకము దీనియందే యున్నది.

దోషములను కూడ దాచకుండ చెప్పవలెను. కొన్ని బళ్లలో మాతృభాషలో మాటాడిన పిల్లలకు జుల్మానా వేసిరి. కొన్నింట బొట్టు తుడువు మనిరి, పూలు పెట్టుకొనరాదనిరి, గాజులు తీయించిరి. ఆజ్ఞ యిచ్చినవారు దానిని క్రమశిక్షణ యనిరి. ఆ యాజ్ఞను మోసిన పసివారికి మాత్రము అది తమ తల్లిని తక్కువ చేసినట్లు తోచెను. ఇందు తప్పెక్కడ నున్నదో సరిగ నిర్ణయించుకొనవలెను. బడికి తన మత మొకటి యుండుట తప్పు కాదు. గోడపై సిలువను చూచి బిడ్డకు కలుగు హాని లేదు. నమ్మకము గల పెద్దలు కొంద రిట్లు జీవింతురని తెలిసికొనుట బిడ్డకు లాభమే. బిడ్డ ఇంటినుండి తెచ్చుకొన్న గురుతును చెరపుటలోనే తప్పున్నది. తన దానిని చూపు హక్కు బడికి కలదు. బిడ్డ దానిని చెరపు హక్కు లేదు. ఈ గీత సన్నని దైనను స్పష్టమైనది.

ఇక ఋణమును గూర్చి మనలో వినవచ్చు సమాధానములు రెండు. మొదటిది: “ఆ విద్య వల, చదువు ఎర. కావున మనకు ఋణమేమియు లేదు.” రెండవది: “ఫీజు కట్టితిమి, పాఠము చెప్పిరి, లెక్క సరిపోయినది.” మొదటివారు దానమును మోసమనుచున్నారు, రెండవవారు దానిని బేరమనుచున్నారు. ఇరువురును దానము జరుగలేదనుటలో ఏకాభిప్రాయులు.

మొదటి మాటకు చరిత్రయే కొంతవరకు బదులు చెప్పును. మతవ్యాప్తి కాంక్ష లేనివారు సముద్రములు దాటి వచ్చి బళ్లు పెట్టిరని చెప్పుట అమాయకత్వము. ఆ కాంక్ష వారికుండెను. దానిని వారు దాచలేదు కూడ. కాని తరములు గడచినను ఆ బళ్లలో చదివిన హిందూ, ముస్లిము బాలబాలికలలో అత్యధికులు తమ తమ మతములలోనే నిలిచిరి; బళ్లు మూతపడలేదు. ఫలము రాదని తెలిసిన పిమ్మటను తోటమాలి నీరు పోయుచునే యుండెనేని, అతనికి నీరు పోయుటయందే ప్రీతి కలదని యొప్పుకొనవలెను.

రెండవ మాట మరింత జాగ్రత్తగ పరీక్షింపదగినది; ఏలయన అది గౌరవముగ కనబడును. ఫీజు పుస్తకముల వెలకు, దీపముల ఖర్చునకు, ఉపాధ్యాయుని జీతమునకు సరిపోవచ్చును. ఇరువదేండ్ల ప్రాయమున ఐర్లండునుండియో ఇటలీనుండియో బయలుదేరి, మన యెండలో తెల్లని అంగీతో నలువదేండ్లు వ్యాకరణము చెప్పి, ఇక్కడి శ్మశానవాటికలో పరుండిన మనుష్యుని వెల యే రసీదులో వ్రాయబడినది? కేరళనుండియో, గుంటూరు సీమనుండియో ఇల్లు విడిచి వచ్చి, జీతము తీసికొనక మఠమునకే యిచ్చివేసిన సిస్టరు శ్రమకు బిల్లెక్కడ? అంతియేకాదు. ఆ తరగతిలో మన బిడ్డ కూర్చుండిన చోటు వేరొకరికి దొరకని చోటు. ఫీజు కట్టగలుగుట చేతనే మన కది దొరకినచో, ఆ దొరకని బిడ్డకు మనము కొంత బాకీయున్నాము. ఆ బాకీ ఫాదరునకు కాదు, ఆ బిడ్డకు.

ఇక్కడ మన ప్రాచీనుల యాలోచన యొకటి మనకు దారి చూపును. బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టుననియు, అందు ఋషిఋణము బ్రహ్మచర్యముచే, అనగా విద్యాభ్యాసముచే తీరుననియు తైత్తిరీయ సంహిత చెప్పినది. ఇందలి విశేషమును గమనింపవలెను. ఋషులు గతించిరి, వారికి తిరిగి యిచ్చుట సాధ్యము కాదు. ఆ విద్యను అందుకొని నిలుపుటయే వారికి చెల్లింపు. చదువు ముగించి యింటికి పోవు శిష్యునకు గురువు చేయు ఉపదేశములో స్వాధ్యాయ ప్రవచనములను ఏమరవలదను మాట కలదని తైత్తిరీయోపనిషత్తు చదివినవా రెరుగుదురు. చదువుట మాత్రమే చాలదు, చెప్పుటయు కావలెను. అనగా విద్యాఋణము వెనుకకు చెల్లునది కాదు, ముందుకు చెల్లునది. అప్పిచ్చినవాడు ఒకడు, రాబట్టుకొనువాడు వేరొకడు.

అయితే ఇందును ఒక సత్యమును దాచరాదు. గురుకులములో విద్యకు వెల లేదు; కాని ద్వారము అందరికిని తెరువబడలేదు. ఏ కులమునందు పుట్టినది, ఆడుబిడ్డయా మగబిడ్డయా యను ప్రశ్నలు ద్వారముననే నిలిచియుండెను. మిషను బడి ద్వారమును విశాలముగ తెరచెను. కాని కొన్ని వేళల గుమ్మమున నిలిచి ఏదో యొకటి కోరెను. మన సంప్రదాయము కోరికలేని దానమును నేర్పి గ్రహీతలను కుదించినది. వారి సంప్రదాయము గ్రహీతలను పెంచి దానమునకు కోరికను జోడించినది. ఒకరి కొరతను వేరొకరి గుణము తీర్పగలదు. గుమ్మము వారిదిగను, నిష్కామత మనదిగను గల బడి యుండునా యని అడుగవచ్చును. ఉండినదని చెప్పుటకు ఒక నిదర్శనము చూపెదము. అది తెలుగునాటిది కాదు, కలకత్తాది. అయినను మా ప్రశ్నకు అంత సూటియైన యుదాహరణము వేరొకటి మాకు తెలియదు.

లొరెటో సభకు చెందిన సన్న్యాసినులు 1841లో ఐర్లండునుండి కలకత్తాకు వచ్చిరి. సియాల్దా రైల్వేస్టేషను ప్రాంతమున 1857లో వెలసిన లొరెటో డే స్కూలు వారి బాలికల పాఠశాలలలో ఒకటి. దేశవిభజన కాలమున ఆ స్టేషనులో దిగిన కాందిశీకుల దుస్థితి జగద్విదితము. ఆ తరువాతను ఆ ప్రాంతమున వీధియే యిల్లుగ గల బిడ్డలకు కొదవ లేకుండెను. బడి గేటు లోపల ఇంగ్లీషు కవిత్వము, బయట చిత్తుకాగితము లేరు బాలిక. 1956లో భారతదేశమునకు వచ్చిన సిస్టరు సిరిల్ మూనీ అను ఐరిష్ సన్న్యాసిని 1979లో ఆ బడికి ప్రిన్సిపాలై, ఈ గేటును గూర్చి ఆలోచించెను. ఈ బడి యెవరికొరకు? ఇచ్చగలవారికొరకే యైనచో తాము సన్న్యసించుట యెందులకు?

ఆమె చేసిన పని రెండు విధములు. మొదటిది, ఫీజు ఇచ్చుకొనలేని బిడ్డలను ఏటేట ఎక్కువగ చేర్చుకొనుచు, కాలక్రమమున పాఠశాలలో సుమారు సగముమంది అట్టివారే యగునట్లు చేసెను. రెండవది ఇంకను సాహసమైనది. 1985లో ‘రెయిన్‌బో’ అను పేర, వీధిబిడ్డలు తమకు వీలైనపుడు వచ్చి చదువుకొను ఏర్పాటు గావించెను. ఇంద్రధనుస్సు వలె కనబడి మాయమై మరల కనబడు బిడ్డలు గనుక ఆ పేరు. నీవు నిన్న యేల రాలేదని వారి నడుగువారు లేరు. వారికి చదువు చెప్పినవా రెవరు? ఆ బడిలో చదువుచున్న బాలికలే. తమ పని గంటలలో ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క వీధిబిడ్డ ప్రక్కన కూర్చుండి అక్షరములు దిద్దించెను. వారమున కొకసారి పెద్ద తరగతుల బాలికలు పల్లెబళ్లకు పోయి అక్కడి పిల్లలకు పాఠములు చెప్పిరి. రాత్రులందు దిక్కులేని ఆడుబిడ్డలు కొందరు బడిలోనే నిద్రించిరి. ఈ పద్ధతి పిమ్మట హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు మున్నగు నగరములకును వ్యాపించి, రెయిన్‌బో గృహము లేర్పడినవి. ఆమెకు 2007లో పద్మశ్రీ బిరుదము లభించినది. 2011 వరకు ఆ పదవిలో నుండి, 2023లో ఆమె కన్నుమూసెను.

ఆ బడిలోని విద్యార్థి జీవితమును ఒక్కసారి ఊహించుకొందము. పదునాలుగేండ్ల బాలిక యొకతె, హిందువో ముసల్మానో క్రైస్తవురాలో, తన కంటె చిన్నదైన యొక వీధిబిడ్డ చేతిని పట్టి పలకపై దిద్దించుచున్నది. ఆ వీధిబిడ్డ యేమతస్థురాలో ఆమెకు తెలియదు, అడుగదు. దిద్దించువేళ ఆమెకు ఒక్క సంగతి తెలియవచ్చుచున్నది: ఈ బిడ్డ మందమతి కాదు, తన వలెనే చురుకైనది, తమ యిరువురకును భేదము గేటు మాత్రమే. ఈ జ్ఞానము యే మోరల్ సైన్సు పుస్తకమునను లేదు. పూర్వము మనము చెప్పుకొన్న ఆ బెంచి గుర్తుకు వచ్చుచున్నది గదా. పదేండ్లు ప్రక్కన కూర్చుండియు ఒకరి నొకరు ఎరుగని బాలురు అక్కడ. గంటసేపు ప్రక్కన కూర్చుండి ఒకరి నొకరు ఎరిగిన బాలికలు ఇక్కడ. బడి ఆ బాలిక నుండి ఫీజు కాక వేరొకటి కోరినది నిజమే. కాని అది ఆమె విశ్వాసము కాదు, ఆమె కాలము. తనకొరకు కోరలేదు, వేరొక బిడ్డకొరకు కోరినది. దాత కోరదగినది ఇంతియే యని మేము తలచుచున్నాము.

“మతము నమ్మినవారు మతమును బోధింపకుండుట తమ నమ్మకమునకు ద్రోహము కాదా?” యని ఒక చదువరి అడుగవచ్చును. ఇది తేలికగ త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నమ్మనివానికి సహనము సులభము. నమ్మినవానికే అది పరీక్ష. దీనికి వారి చరిత్రలోనే బదులు దొరకుచున్నది. లొరెటో సభకు మూలపురుషురాలైన మేరీ వార్డ్ (1585–1645) ఇంగ్లండున కతోలిక కుటుంబమున పుట్టెను. ఆనాడు అక్కడ కతోలిక పూజ నేరము. రాజ్యము మనుష్యుని విశ్వాసముపై చేయివేసిన దెట్లుండునో ఆమె బాల్యమునుండియు ఎరుగును. బాలికల విద్యకై 1609లో ఆమె ప్రారంభించిన సభను 1631లో పోపుగారే రద్దుచేసిరి. ఆమెను కొంతకాలము నిర్బంధమునను ఉంచిరి. పరులచేతను తనవారిచేతను ఒత్తిడి పడిన యామె సంతతివారికి, పసిబిడ్డ అంతరాత్మను ఒత్తరాదని వేరుగ చెప్పవలెనా? 1965లో రెండవ వాటికన్ మహాసభ, విశ్వాసము స్వేచ్ఛగ పుట్టవలసినదే గాని నిర్బంధమున పుట్టదని ప్రకటించినది. అదే యేడు విద్యను గూర్చి చేసిన ప్రకటనలో, కతోలికులు కాని విద్యార్థులును చదువు బళ్లను ఆదరముతో పేర్కొని, పేదలను ప్రత్యేకముగ చూడవలెనని చెప్పినది. కావున బిడ్డ విశ్వాసమును ముట్టకుండుట వారికి ధర్మలోపము కాదు. వారి ధర్మము వారికి చెప్పినదే.

ఇంతవరకు దాతను పరీక్షించితిమి. ఇక అద్దమును మనవైపు త్రిప్పవలెను. ఇతరుల బడిలో మన బిడ్డకు ఏ మర్యాద కోరితిమో, మన బడిలో ఇతరుల బిడ్డకు ఆ మర్యాద నిచ్చితిమా? కేరళలో ఒక హిందూ సంఘము నడుపు ఉన్నత పాఠశాలలో, యెహోవా సాక్షులను చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు చదువుచుండిరి. జాతీయగీతము పాడువేళ వారు గౌరవముగ లేచి నిలుచుండిరి. కాని తమ విశ్వాసము ఒప్పలేదు గనుక పాడలేదు. 1985లో వారిని బడినుండి తొలగించిరి. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లలను మరల చేర్చుకొనుమని తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. నిలుచుండుటలో గౌరవమున్నదనియు, పాడకుండుట అగౌరవము కాదనియు, సహనము మన సంప్రదాయమునకును రాజ్యాంగమునకును సహజమనియు ఆ తీర్పు సారాంశము. కాన్వెంటు ప్రార్థనవేళ చేతులు జోడించి, పెదవులు కదపక నిలిచిన మన బిడ్డకును, ఆ కేరళ బిడ్డకును భేదమేమి? ఇరువురు చేసినదియు ఒక్కటియే: పరుల పవిత్రమునకు లేచి నిలుచుట, తమ పవిత్రమును కాపాడుకొనుట.

ఈ యద్దము తెలుగుదేశము వెలుపల నున్న మనకు మరింత దగ్గరగ నున్నది. 30వ అధికరణము అల్పసంఖ్యాకుల హక్కును చెప్పుచు, మతమునైనను భాషనైనను ఆధారముగ గొన్నవారని రెంటిని ఒకే వాక్యమున చేర్చినది. అల్పసంఖ్యాకు లెవరో రాష్ట్రమును బట్టియే నిర్ణయింపవలెనని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. కావున చెన్నైలోని తెలుగువాడును, అదే నగరములోని కతోలికుడును ఒకే చూరు క్రింద నిలిచియున్నారు. తమిళనాట 2006లో చేసిన చట్టముచే తమిళము దశలవారీగ బళ్లన్నింట నిర్బంధ పాఠ్యభాష యైనపుడు, మాతృభాషలో పరీక్ష వ్రాయు నవకాశమునకై మనవారు న్యాయస్థానముల కెక్కిరి. ఆ కోరిక న్యాయమైనదే. కాని హక్కు కొరకు న్యాయస్థాన మెక్కినవాడు, ఆ హక్కు ఎందుకొరకో చెప్పగలిగి యుండవలెను. బడి నడుపుకొను హక్కు కతోలికునకు మతాభిమానమును పోషించుకొనుటకు మాత్రమే కానట్లు, మనకును భాషాభిమానమును పోషించుకొనుటకు మాత్రమే కాదు.

మన సంఘములు నడుపు బళ్లలో తమిళ కూలివాని బిడ్డయో, ఒడియా రిక్షావాని బిడ్డయో చేరినపుడు, వానినుండి మన మేమి కోరుదుము? తెలుగు నేర్చినగాని ప్రేమింపమందుమా? ఉగాదినాడు వానికి పచ్చడి పెట్టుదుముగాక. వాని ఇంటి భాషను నవ్వులాటకు లోను చేయకుందుముగాక. మన దానిని చూపుదము. వాని దానిని చెరపము. కాన్వెంటునకు మనము గీచిన గీత మనకును గీతయే.

మరియొక మాట. బెంగుళూరు, చెన్నై, పుణే, ముంబయి నగరములలో లేచుచున్న భవనములకు ఇటుకలు మోయువారిలో పాలమూరునుండియు శ్రీకాకుళమునుండియు వచ్చిన తెలుగువారు కలరు. పని ముగియగనే వారు వేరొక చోటికి పోవుదురు. వారి బిడ్డలకు అక్కడి భాష రాదు. ఇక్కడి బడిలో పేరు నిలువదు. కనబడి మాయమగు ఆ బిడ్డలు ఇంద్రధనుస్సు బిడ్డలే. వారు పలుకునది మాత్రము మన తెలుగు. సంఘ భవనములో మనము శతావధానము చేయించు సాయంకాలమున, రెండు వీధుల కావల ఇసుకగుట్టపై వారు ఆడుకొనుచుందురు. వారికి వారమున రెండు సాయంకాలములు అక్షరములు నేర్పుటకు భవనము కట్టనక్కరలేదు, చందా వేయనక్కరలేదు. ఉన్న భవనము తలుపు తెరచి, కాన్వెంటులో చదివిన మన బాలబాలికలను ఒక్కొక్కరిని ఒక్కొక్క బిడ్డ ప్రక్కన కూర్చుండబెట్టిన చాలును. తెలుగు లిపి మరచుచున్న మన బిడ్డలకును అందుచే తెలుగు వచ్చును. ఏలయన నేర్పువాడే రెండుమారులు నేర్చుకొనును.

మా విచారమునందు తేలిన దిది. పరుల బడిలో చదివినవాడు ఆ బడి మతమునకు ఋణపడలేదు. దానిని నమ్మకపోవుట కృతఘ్నత కాదు. ఫీజు కట్టినంతమాత్రమున ఋణవిముక్తుడును కాలేదు. జూబిలీ సభలో పూలమాల వేయుట మర్యాద. అది చెల్లింపు కాదు. తన కక్షరములు నేర్పిన చేయి తనవారిది కాదను సంగతిని మరువక, తనవాడు కాని యొక బిడ్డకు తాను నాలుగక్షరములు నేర్పినపుడు ఆ ఋణము తీరుట మొదలిడును. మన సంఘముల పెద్దలు, ఈ సంచికను మూసిన పిమ్మట, తమ భవనము తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో విచారించి, వచ్చు వారము రెండు సాయంకాలములు ఆ తలుపు తెరపింతురని ఆశించుచున్నాము.